తలుపు చాటు సాక్ష్యం

ఆ మధ్యాహ్నం మా అత్తగారు నాకు కాఫీ కలిపి తెచ్చారు. నేను కాపురానికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. అలాంటిది ఎన్నడూ జరగలేదు. పెరట్లో కూచుని అంట్లు తోముతున్నాను. పనిపిల్ల హులిగెమ్మ రావడం మానేసినప్పటి నుంచి ఆ అంట్లు నా వంతయ్యాయి. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి, "చేతులు కడుక్కుని తాగు, చల్లారిపోద్ది" అన్నారు. నా భుజం మీద నుంచి జారిన పైట ఆవిడే సర్ది లోపలికి వెళ్ళిపోయారు. గ్లాసు వంక చూస్తూ చాలాసేపు అలాగే కూచున్నాను. అత్తగారు హనుమాయమ్మగారి కోపం నాకు తెలుసు, విసుగు తెలుసు. పొరుగమ్మతో మాట్లాడుతూ నాకు తగిలేలా అనే మాటలూ తెలుసు. వాటి మధ్య ఎలా మసలుకోవాలో నేర్చుకున్నాను. ఈ మంచితనం మాత్రం కొత్తది. కాఫీ తాగాను. బాగుంది, చక్కెర కూడా సరిపోయింది. అయినా ఖాళీ గ్లాసు లోపలికి తీసుకెళ్ళడానికి భయమేసింది.

మాది కృష్ణా జిల్లా. తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో మా మామగారు వెంకటకృష్ణయ్యగారు అక్కడి కాస్త మాగాణీ అమ్మి, బళ్ళారి జిల్లాలో కూరెకుప్పకు అవతల కాలువ కింద పదింతల నల్లరేగడి కొన్నారు. వాళ్ళతో పాటు ఇంకో పాతిక కుటుంబాలు వచ్చాయి. మొదటి రెండేళ్ళూ అందరూ గుడారాల్లోనే ఉన్నారట. పాములు, మలేరియా, బురద. అందుకే ఊరికి ఇప్పటికీ క్యాంపు అనే పేరు. పిల్లలకు బడి కావాలని మామగారు బళ్ళారి ఆఫీసు చుట్టూ తిరిగారు. అప్పుడప్పుడే జిల్లా మద్రాసు నుంచి మైసూరుకు మారింది. ఎవర్ని అడిగినా వచ్చే ఏడాది చూద్దామనేవారు. ఆయన వచ్చే ఏడాది దాకా ఆగలేదు. ఎకరానికి ఇంత అని ధాన్యం పోగుచేసి, ఇటుక కాల్పించి, పెంకుటి బడి కట్టించారు. గుడివాడ నుంచి హెడ్మాస్టరుని పిలిపించి ఇల్లూ బియ్యమూ జీతమూ ఏర్పాటు చేశారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంటుంది. అది ఉండాల్సిన గర్వమేనని నేనూ అనుకునేదాన్ని. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా పొలాల మధ్య బడి లేపడం చిన్న పని కాదు.

నేను గుంటూరులో సెకండరీ గ్రేడ్ ట్రైనింగు చదివాను. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి చెప్పగానే మామగారు తల పంకించి, "బడికి పనికొస్తది" అన్నారు. నా చదువు విని మొహం చిట్లించని మామగారు దొరికారని మా అమ్మ మురిసింది. నేనూ మురిశాను. కాపురానికి వచ్చిన నెలలోనే చిన్న తరగతులు నా చేతికిచ్చారు. పొద్దున్నే ఇంటి పని ముగించి, కూలీలకు సంకటి దింపి, బడికి పరుగెత్తేదాన్ని. మధ్యాహ్నం తిరిగొచ్చి వంట. హెడ్మాస్టరుకి జీతం ఉంది, నాకు లేదు. ఒకసారి నవ్వుతూ అడిగాను. మామగారు కూడా నవ్వుతూనే, "మన బడి, మన పిల్ల. జీతమేంటమ్మాయ్?" అన్నారు. మా ఆయన సుబ్బరాయుడు చుట్టాలు వచ్చినప్పుడు, "ఇంట్లో ఊరికే కూచోలేక అట్టా వెళ్ళొస్తది" అని చెప్పేవాడు. ఆ మాట నన్నెంత కోసేదో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఊరికే కూచోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నాకు ఒక్కరోజు కూడా తెలియలేదు.

కాలువ గట్టుకు అవతల హట్టి ఉంది, పాత గుడిసెల పల్లె. మేం రాకముందు నుంచి ఉన్నవాళ్ళు అక్కడ ఉంటారు. మా పొలాల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ వాళ్ళే. వాళ్ళ పిల్లలు మా బడికి రారు. రావద్దని ఎవరూ గట్టిగా అనలేదు. ఎవరైనా అడిగితే మామగారు నిదానంగా చెప్పేవారు. "మన డబ్బుతో కట్టుకున్నాం. ఎవరి పిల్లల్ని కూచోబెట్టుకోవాలో మనం చూసుకుంటాం. గవర్నమెంటు మనుషుల్ని గవర్నమెంటు చూసుకుంటది." అందులో తప్పేముందో నాకు చాలాకాలం తోచలేదు. గవర్నమెంటు చూసుకోలేదు, అంతే.

తర్వాత చూసుకుంది. పిల్లలందరూ బడికి రావాలని చట్టం చేశారని పేపర్లో పడిన మరుసటి ఏడాది, సైకిలు వెనక నల్లబల్ల కట్టుకుని రామప్ప మేష్ట్రు హట్టికి వచ్చాడు. చోరనూరు మనిషి, నలభై దాటినవాడు. భార్యనూ ముసలి తల్లినీ ఊళ్ళో వదిలి వచ్చాడు. సర్కారు ఇచ్చింది ఆ నల్లబల్లా, ఆయనా. కప్పు ఇవ్వలేదు. హట్టి వాళ్ళే గుంజలు పాతి, జొన్నసొప్పతో గోడలల్లి పాక వేశారు. క్యాంపులో మగవాళ్ళు నవ్వుకున్నారు. సర్కారు మేష్ట్రు జీతాల రోజుకు తప్ప కనపడడన్నారు. అతను హట్టిలోనే గది తీసుకుని ఉండిపోయాడు. నాట్ల కాలం వచ్చేసరికి నారు కట్టలు మోయడానికి పిల్లల్లేరు, గేదెల వెంట పిల్లల్లేరు. నవ్వులు ఆగి తిట్లు మొదలయ్యాయి. తర్వాత అన్నాల దగ్గర మేష్ట్రు మాటే ఎత్తడం మానేశారు. వాళ్ళు తిట్టినన్నాళ్ళూ నాకేమీ అనిపించలేదు. ఎత్తడం మానేసినప్పుడే దిగులు మొదలైంది.

హులిగెమ్మకు తొమ్మిదేళ్ళుంటాయి. అదీ బడికి పోతోందని తెలిసి, వెళ్ళి పిలుచుకు రమ్మని అత్తగారు నన్ను పంపించారు. దాని తల్లి భీమక్క గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. లేచి నిలబడింది కానీ చేట కింద పెట్టలేదు.

"పాప రాదమ్మా. శాలెకి పోతాండాది. నేనొచ్చి గిన్నెలు తోమి పోతా. దాన్ని మాత్రం పిలవొద్దు."

మా అత్తగారు ఒప్పుకోరని, నాట్లకు కూడా నిన్ను పిలవరని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, అయితే యాడన్నా వేరే పని చూసుకుంటానంది. బెదిరింపు కాదు, కోపం కాదు, లెక్క తేల్చుకున్న మనిషి మాట అది. తిరిగి వస్తూ పాక ముందు ఆగాను. హులిగెమ్మ కన్నడ పుస్తకం మీద వేలు పెట్టి చదువుతోంది. మా ఇంట్లో ఎప్పుడూ వంగి ఉండే పిల్ల, వీపు నిటారుగా పెట్టుకుని కూచుంది. మేష్ట్రు బయటికి వచ్చి నమస్కారం పెట్టి, "మీరు క్యాంపు శాలె టీచరమ్మ కదా. బన్ని, వచ్చి కూచోండి" అన్నాడు. ఆ పేరుతో నన్ను పిలిచిన మొదటి మనిషి ఆయన.

నాలుగు తరగతులకూ ఆయనొక్కడే. పిల్లల ఇళ్ళలో మాట తెలుగు, పుస్తకాలు కన్నడం. చిన్నవాళ్ళకు అర్థం చెప్పేవాళ్ళు ఉంటే బాగుండేదన్నాడు. నన్ను అడగలేదు, ఊరికే అన్నాడు. మర్నాడు ఇల్లంతా భోంచేసి కునుకు తీసేవేళ నేనే వెళ్ళాను. తర్వాత రోజూ వెళ్ళాను. వాళ్ళకు అర్థాలు చెబుతూ నేను కన్నడం నేర్చుకున్నాను. భీమక్క వచ్చి గుంజకు ఆనుకుని నిలబడి వినేది. ఒకరోజు మేష్ట్రు చెప్పాడు, ఆ బడికి రెండో పోస్టు మంజూరైందనీ, ఆడవాళ్ళకే ఇవ్వాలన్నారనీ, బళ్ళారి నుంచి ఇక్కడికి ఎవరూ రావడం లేదనీ. "మీకు ట్రైనింగు ఉంది. కన్నడ పరీక్ష ఒకటి పాసైతే చాలు తాయీ." నేను నవ్వేశాను. కానీ ఆ సాయంత్రం బియ్యం కడుగుతూ నీళ్ళు ఎన్నిసార్లు వంచానో మర్చిపోయాను. నా పేరు మీద ఒక ఉద్యోగం. నేను వెళ్ళాల్సిన చోటు. అక్కడికి ఎందుకు వెళ్తున్నానో ఎవరికీ సంజాయిషీ చెప్పక్కరలేని చోటు.

ఆ నెలలోనే మేష్ట్రు సైకిలు టైర్లు రెండూ ఎవరో కోసేశారు. తర్వాత ఒకరోజు పొద్దున పాక గుంజకు చచ్చిన తాచుపాము వేలాడుతూ ఉంది, పిల్లలే మొదట చూశారు. ఆ వారం గేదెల మంద పాక మీద పడి ఒక పక్క గోడంతా మేసి పోయింది. ప్రతిసారీ మామగారు మనిషిని పంపి పరామర్శించారు. ఈ ప్రాంతం మంచిది కాదు మేష్టారూ, సంసారం గలవారు మీరు, అని చెప్పించారు. ఒకసారి బియ్యం బస్తా కూడా పంపారు. మేష్ట్రు ఆ బస్తాను బండి మీదే వెనక్కి తిప్పి పంపాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురు పెద్దలు మా ఇంట్లో భోంచేశారు. నేను వడ్డిస్తున్నాను. వడ్డించే మనిషి ముందు మగవాళ్ళు దేని గురించైనా మాట్లాడుకుంటారు, పీటల ముందు మాట్లాడినట్టే. ఒకాయన, "వాడు తినడు, భయపడడు. ఇంకేం మిగిలిందీ?" అన్నాడు. మామగారు పెరుగన్నం కలుపుతూ, "పరువు" అన్నారు. నా మొహం వైపు చూడలేదు. ఆయన చూపు గరిటె పట్టుకున్న నా చేతి మీద ఉంది.

కాఫీ వచ్చింది ఆ తర్వాత రెండు రోజులకు.

దాని వెనకే కొత్త నేతచీర వచ్చింది. అంట్లు తోమడానికి పాలేరు పెళ్ళాన్ని పెట్టారు. సాయంత్రాలు పొరుగమ్మలు వచ్చి నా దగ్గర కూచోవడం మొదలుపెట్టారు. ఒకరు లేస్తే ఒకరు వచ్చేవారు. హట్టి వైపు అడుగు వేసే సందు లేదు. మా అమ్మాయి సుందరమ్మకు ఆరేళ్ళు, సుందరి అంటాం. ఒక పొద్దున దానికి కొత్త గౌను తొడుగుతూ, తనతో పాటు బెజవాడ వైపు మా ఊరికి తీసుకెళ్తున్నానని చెప్పారు అత్తగారు. పెళ్ళి ఉందన్నారు. ఎవరి పెళ్ళని అడిగాను. "ఉందిలే" అన్నారు. తోరణగల్లు స్టేషనుకు బండి కట్టారు. రైలెక్కుతానన్న సంబరంలో సుందరి నా వైపు సరిగ్గా చూడనైనా లేదు. బండి కాలువ వంతెన దాటేదాకా దాని చెయ్యి ఊగుతూ కనిపించింది. నేను వాకిట్లోనే ఉండిపోయాను. ఏదో ఒకటి నా చుట్టూ మూసుకుంటూ వస్తోందని, చివరి తలుపు ఇప్పుడే పడిందని అనిపించింది.

ఆ మధ్యాహ్నమే మా ఆయన నన్ను గదిలోకి పిలిచాడు. మంచం మీద కూచోమన్నాడు. తను కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు హట్టికి వెళ్తున్న సంగతి నాన్నకి మొదట్నుంచీ తెలుసు."

"మరి వద్దనలేదేం?"

"అవసరం పడొచ్చని ఊరుకున్నారు."

తర్వాత నెమ్మదిగా, పసిపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. బళ్ళారి ఆఫీసుకు అర్జీ వెళ్ళింది. పేదపిల్లలకు సాయం చేద్దామని మా ఇంటి కోడలు వెళ్తే, సర్కారు మేష్ట్రు ఆమె చెయ్యి పట్టుకున్నాడని, ఆ బడి తీసేసి మా బడికి గుర్తింపు ఇవ్వాలని అందులో ఉంది. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఎల్లుండి విచారణకు మా ఇంటికే వస్తున్నాడు.

"ఆయన నా చెయ్యి పట్టుకోలేదు" అన్నాను.

"నాకు తెలుసు. తెలుసు కాబట్టే నీకేం భయం లేదు. నేను నిన్ను అనుమానించను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు ఉంది. ఎంతో పెద్ద వరం ఇస్తున్నవాడి వెలుగు. నన్ను అనుమానించకపోవడం నా మీద ఉపకారమని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. నేనేం చెప్పాలని అడిగాను.

"నువ్వేం చెప్పక్కర్లా. తలుపు చాటున నుంచో చాలు. నాన్న చెప్తారు. ఇన్‌స్పెక్టరు నిన్నడుగుతాడు. నువ్వు మాట్లాడవు. ఆడది మాట్లాడకపోతే ఎవరైనా ఔననే అనుకుంటారు."

సుందరి ఎప్పుడొస్తుందన్నాను. అంతా సవ్యంగా జరిగితే వెంటనే తీసుకొస్తామన్నాడు. జరగకపోతే అన్న మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గది నిండా ఆ మాటే ఉంది.

ఆ రెండు రోజులూ నాలో నేను ఎంత తిరిగానో. ఊరుకుంటే ఏమవుతుంది? మేష్ట్రు ఉద్యోగం పోతుంది. చోరనూరులో ఒక ముసలి తల్లి, ఒక భార్య తలెత్తుకోలేరు. హట్టి బడి మూతపడుతుంది. మా బడికి సర్కారు గుర్తింపు వస్తుంది. హులిగెమ్మ మళ్ళీ పెరట్లోకి వచ్చి వంగుతుంది. సుందరి ఇంటికి వస్తుంది. నేను రేపు కూడా ఈ ఇంట్లోనే ఉంటాను, ఎవడో చెయ్యి పట్టుకున్న మనిషిగా ఉంటాను. పండక్కి వచ్చిన ప్రతి చుట్టమూ జాలిగా చూస్తుంది. నన్ను అనుమానించని మొగుడి మంచితనం గురించి చెప్పుకుంటుంది. నా పరువు పోతుందని వీళ్ళలో ఒక్కరూ అనుకోలేదు. అది తమదే అనుకున్నారు, గాదెలో ధాన్యంలాగా, ఎప్పుడు ఎంత తీసి వాడుకోవాలో తామే చూసుకుంటారు. మరి మాట్లాడితే? అక్కడికి వచ్చి ఆగిపోయేదాన్ని. అక్కడ సుందరి గౌను కనపడేది.

విచారణకు ముందురోజు భీమక్క పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి మజ్జిగ అడిగింది. ఆమె మా ఇంట్లో మజ్జిగ అడగడం ఎన్నడూ ఎరగను. పొరుగమ్మ వసారాలో కునుకుతోంది. ముంత తీసుకుని బయటికి వెళ్ళాను.

"మేష్ట్రు నిన్నట్నుంచి ఏమీ తినలే" అంది గొంతు తగ్గించి. "నువ్వే సాక్ష్యం చెప్తావంట. ఆయప్ప నీ చెయ్యి పట్టినాడా?"

"లేదు."

"మరి ఆ మాట చెప్పు."

"చెబితే నా పిల్లని నాకివ్వరు భీమక్కా."

ఆమె ముంత అందుకోలేదు. నా కళ్ళలోకి చూసింది. ఎనిమిదేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు.

"నీ పాప యాడుండాదో నీకు తెలుసు. రైలెక్కి పోయి తెచ్చుకుంటావు. నా పాప ఈడనే, నీ పెరట్లోనే ఉంటాది. దాన్ని యాడికి పోయి తెచ్చుకునేది నేను?"

పొరుగమ్మ దగ్గింది. భీమక్క మజ్జిగ తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు జీపు వచ్చింది. అలిసిపోయిన మనిషి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ దిగాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడాడు. వసారాలో కుర్చీలు వేశారు, పెద్దలంతా కూచున్నారు. రామప్ప మేష్ట్రును వాకిట్లో ఎండలో నిలబెట్టారు. నేను నడవ తలుపు వెనక కొత్తచీరలో నిలబడ్డాను. చీరకు గంజి పోలేదు, కదిలితే చప్పుడవుతోంది. మామగారు చాలా బాగా మాట్లాడారు. ఆయన మాటల్లో సగం నిజం. ఎవరినీ అడక్కుండా బడి కట్టుకున్నామన్నారు. సర్కారు పదేళ్ళు మా మొహం చూడలేదన్నారు. అదంతా నిజం. "ఇప్పుడు చూడవచ్చి ఇట్టాంటి మనిషిని పంపారు. మీ బడి తీసేయండి. మా బడికి గుర్తింపు ఇవ్వండి. హట్టి పిల్లల్ని కూడా మేమే చూసుకుంటాం. చదువు సంగతి మాకు వదిలేయండి, మా ఆడపిల్లల్ని మాత్రం ఇట్టాంటివాళ్ళకి వదలమాకండి" అన్నారు. చివర్లో ఆయన గొంతు జీరబోయింది కూడా.

ఇన్‌స్పెక్టరు తలుపు వైపు తిరిగాడు. "అమ్మా, వీరు చెప్పింది నిజమేనా?"

నేను మాట్లాడలేదు. భయం వల్లనే, వేరే ఏమీ లేదు. ఆ మౌనంలోంచి ఒక్కొక్కటీ తయారవడం నాకు వినిపిస్తూనే ఉంది. కుర్చీలో ఎవరో నిట్టూర్చారు. ఎవరో పాపం అన్నారు. వాకిట్లో మేష్ట్రు తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని, "సరే, అర్థమైంది" అని కలం మూత తీశాడు.

"ఏమర్థమైందండీ?"

ఆ గొంతు నాదేనని కాస్త ఆలస్యంగా తెలిసింది. తలుపు తోసుకుని వసారాలోకి వచ్చేశాను.

"నేనింకా ఏమీ చెప్పలేదు. ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. పాఠం చెప్పడానికి వెళ్ళాను. నేను టీచర్ని."

మామగారు మెల్లగా నవ్వారు. "పిల్ల బెదిరిపోయిందండీ. ఏం మాట్లాడతందో తెలీడం లేదు."

ఇన్‌స్పెక్టరు నన్నే చూస్తూ, "మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా అమ్మా?" అన్నాడు.

"ఔను" అన్నాను. వాకిట్లోకి చూపించి, "ఆయన కాదు" అన్నాను.

అంతకంటే నేను చెప్పిందీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు. కలం మూత మళ్ళీ పడింది. ఇదంతా జరిగాక ఏదో గెలుస్తామని నాకు తెలియకుండానే ఆశపడ్డాను కాబోలు. జీపు దగ్గర ఇన్‌స్పెక్టరు మేష్ట్రుతో చెబుతున్న మాటలు విన్నాను. ఫిర్యాదు కొట్టేస్తాడట. కానీ ఊళ్ళో శాంతి ముఖ్యమట. మేష్ట్రును వేరే తాలూకాకు మారుస్తాడట, ఈ వారమే. బడి మాత్రం మూయడట, మనిషి దొరికినప్పుడు పంపిస్తాడట. మేష్ట్రు నా వైపు తిరిగి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. జీపు ఎక్కబోతూ ఇన్‌స్పెక్టరు, నా మొహం వైపు చూడకుండా, "ఆ లేడీ టీచరు పోస్టు ఖాళీగానే ఉందమ్మా. అర్జీ పెట్టుకుంటే మేం కాదనం. ఇక్కడికి వచ్చేవాళ్ళు లేరు" అని గబగబా చెప్పాడు. మా మామగారి వాకిట్లో అంతకంటే గట్టిగా మాట్లాడే ధైర్యం మైసూరు ప్రభుత్వానికి లేదు.

ఇంట్లో ఎవరూ అరవలేదు. మధ్యాహ్నం వేళకు మామగారు, మా ఆయన పీటల మీద కూచున్నారు. నేను వడ్డించాను. పప్పు బాగుందన్నారు మామగారు. చారు పోయించుకున్నారు. చివర్లో, వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు.

"సుందరిని అక్కడే ఉంచేస్తానమ్మాయ్. బెజవాడలో మంచి ప్రైవేటు స్కూలుంది, హాస్టలుంది. ఎంతైనా నేను కడతా. ఆడపిల్లకి పెంపకం ముఖ్యం గదా. ఈడ దానికి ఏం నేర్పుతావు నువ్వు?"

మా ఆయన వంక చూశాను. కంచంలో మెతుకులు వేలితో ఒక పక్కకు జరుపుతున్నాడు. ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. నాలుగు మెతుకులు జరిపేంతసేపు మాత్రమే ఎదురుచూశాను. ఎవరి చదువు ఎక్కడ, ఎవరు ఏ బడిలో కూచోవాలి, ఎవరు ఎవరి పెరట్లో వంగాలి, అన్నీ ఈ పీట మీదే తేలుతాయి. మజ్జిగ కోసం మామగారు కంచం ముందుకు జరిపారు. నేను గిన్నె ఆయన పక్కన పెట్టి లేచాను. వడ్డించకుండా లేవడం అదే మొదటిసారి. ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు.

మర్నాడు తెల్లారాక, అమ్మ ఎప్పుడో పండక్కి పంపిన డబ్బూ, ట్రైనింగు సర్టిఫికెట్టూ, పాతచీరలు రెండూ సంచిలో పెట్టుకున్నాను. మా ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఎక్కడికన్నాడు. పిల్ల కోసమన్నాను.

"తెచ్చి ఎక్కడుంటావు?"

సంచీ భుజానికి తగిలించుకున్నాను. నిజానికి అప్పటికి నాకూ పూర్తిగా తెలియదు.

కాలువ వంతెన దాటాక హట్టి మీదుగా నడిచాను. మేష్ట్రు గది ఖాళీగా ఉంది, పాక నేలకూలి ఉంది. గుంజలు విరిచేసి ఉన్నాయి, సొప్ప దారంతా పరుచుకుని ఉంది. నల్లబల్ల మాత్రం ఎవరో ముందే తీసుకెళ్ళి భీమక్క గుడిసె గోడకు ఆనించారు. దాని ముందు ఎండలో పిల్లలు కూచున్నారు. హులిగెమ్మ పుల్ల పట్టుకుని అక్షరాలు చూపిస్తోంది, చిన్నవాళ్ళు వెంట అంటున్నారు. హట్టి మగవాళ్ళు కొందరు దూరంగా నిలబడి క్యాంపు వైపు చూస్తున్నారు. పెద్దవాన ముందు గొడ్లు నిలబడినట్టు నిలబడ్డారు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి హులిగెమ్మ రాసిన ఒక్క అక్షరం సరిదిద్దాను. తర్వాత భీమక్కతో, ఈ గుడిసె పక్కన ఇంకో గుడిసె వేయడానికి చోటుందా అని అడిగాను.

ఆమె నా సంచీ వైపు చూసింది. "చోటు ఉండాది" అంది. "వాళ్ళు దాన్నీ పడగొడతారు."

"తెలుసు."

"సరే అయితే, గుంజలు నరికిస్తా" అని, పిల్లల్ని హులిగెమ్మకు అప్పజెప్పి, స్టేషను దాకా తోడు వస్తానని చెంగు బిగించింది.

తోరణగల్లు దారి పొడుగునా ఎర్రదుమ్ము. మధ్యలో రెండుసార్లు మా ఆయన మోటారు సైకిలు చప్పుడు వెనక వినిపించింది. రెండుసార్లూ కొంత దూరంలోనే ఆగిపోయింది. మమ్మల్ని దాటి రాలేదు, వెనక్కీ పోలేదు. భీమక్క ఒకసారి తిరిగి చూసి, నడక మాత్రం తగ్గించలేదు. స్టేషనులో ఆమె వేపచెట్టు కింద నిలబడి రోడ్డు వైపు మొహం పెట్టింది. నేను టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళి బెజవాడకు టికెట్టు అడిగాను. బయట మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. ఆ చప్పుడు నా వీపుకు తగులుతోంది. గుమాస్తా తలెత్తకుండానే, "బెజవాడకా? ఒక్కరేనా?" అన్నాడు.

"పోయేటప్పుడు ఒక్కదాన్నే" అన్నాను, వెనక ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. "వచ్చేటప్పుడు ఇద్దరం."